సెపరేట్, ఇండిపెండెంట్, డిస్టింక్ట్: ఏది ఎక్కడ వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వేరేవాళ్ళు రాసిన ఇంగ్లీషును దిద్దడం నా రోజువారీ పని. 'వేరు', 'విడి', 'స్వతంత్రం' అనే అర్థాలకు వాడే ఇంగ్లీషు మాటలు డిక్షనరీలో చక్కగా ఒకే వరుసలో కూర్చుంటాయి. వాక్యంలోకి దిగాక మాత్రం ఒకదాని కుర్చీలో ఇంకొకటి ఇమడదు. ఈ గొడవ మీద నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

సెపరేట్, ఇండిపెండెంట్ రెండూ ఒకటే కదా?

కాదు. సెపరేట్ అంటే రెండూ కలిసి లేవని. ఇండిపెండెంట్ అంటే ఒకటి రెండోదాని మీద ఆధారపడలేదని. మొదటి మాట మధ్యలో ఉన్న హద్దును చూస్తుంది, రెండోది కింద ఉన్న ఆధారాన్ని చూస్తుంది.

ఒక నాణెం ఎగరేయండి. బొమ్మ పడటం, బొరుసు పడటం రెండు వేర్వేరు ఫలితాలు. రెండూ ఒకేసారి పడే ప్రసక్తే లేదు. ఇంతకంటే సెపరేట్ ఇంకేం ఉంటుంది? కానీ ఇవి ఇండిపెండెంట్ కావు. బొమ్మ పడిందని ఎవరైనా చెబితే చాలు, బొరుసు పడలేదని చూడకుండానే చెప్పేస్తారు. ఒకదాని సంగతి రెండోదాని సంగతిని పూర్తిగా తేల్చేస్తోంది. ఇప్పుడు రెండు పాచికలు వేయండి. మొదటిదాని మీద ఆరు పడినా పడకపోయినా, రెండోదాని మీద ఆరు పడే అవకాశం 1/6 దగ్గరే ఉంటుంది. ఇదీ ఇండిపెండెంట్ అంటే. రెండింటి మీదా ఆరు పడే అవకాశం 1/36 అని ధీమాగా గుణించగలిగేది అందుకే.

ప్రాబబిలిటీ కొత్తగా చదివేవాళ్ళు 'మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్'నీ (బొమ్మాబొరుసుల్లా రెండూ ఒకేసారి జరగలేనివి) 'ఇండిపెండెంట్'నీ కలిపేసుకునేది సరిగ్గా ఇక్కడే. తెలుగులో రెండు సందర్భాల్లోనూ 'దానికీ దీనికీ సంబంధం లేదు' అనేస్తాం. ఏ సంబంధం లేదో చెప్పం.

రెజ్యూమేలో 'ఐ కెన్ వర్క్ సెపరేట్లీ' అని రాశాను. తప్పా?

గ్రామర్ తప్పు కాదు. కానీ చదివినవాళ్ళకు 'మిగతావాళ్ళతో కలవకుండా ఓ మూల కూర్చుని పనిచేస్తాను' అని వినిపిస్తుంది. ఈ మనిషికి టీమ్‌తో పడదేమో అన్న అనుమానం మీరే చేతికిచ్చినట్టు. మీరు చెప్పదలుచుకున్నది 'వర్క్ ఇండిపెండెంట్లీ': ఎవరూ పక్కన నిలబడి అడుగడుగునా చెప్పక్కర్లేదని. పదిమంది మధ్య కూర్చుని కూడా ఇండిపెండెంట్లీ పనిచేయొచ్చు.

'ఆన్ మై ఓన్' ఈ రెండింటికీ మధ్యలో ఊగుతుంది. 'ఒక్కడినే' అనీ అర్థం వస్తుంది, 'సాయం లేకుండా' అనీ వస్తుంది. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తెలిసిపోతుంది కాబట్టి పర్వాలేదు. రెజ్యూమేలో గొంతు ఉండదు కాబట్టి వద్దు.

'మాకు వేరే రూమ్ కావాలి' అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ఎందుకు కావాలో ముందు మీరు తేల్చుకోవాలి. ఇచ్చిన గదిలో ఏసీ పనిచేయడం లేదు, మార్చమంటున్నారు: 'ఎ డిఫరెంట్ రూమ్'. స్నేహితులిద్దరికీ ఒకే గది ఇచ్చారు, ఎవరిది వారికి కావాలి: 'సెపరేట్ రూమ్స్'. ఉన్న గది ఉండగా ఇంకొకటి కూడా కావాలి: 'వన్ మోర్ రూమ్'. 'అనదర్ రూమ్' అన్నారనుకోండి, మార్చమంటున్నారో అదనంగా ఇమ్మంటున్నారో తెలియక అవతలివాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తారు.

మన 'వేరు' అనే మాట తేడానీ మోస్తుంది, ఎడాన్నీ మోస్తుంది. ఇంగ్లీషు ఆ రెండు బరువుల్నీ రెండు మాటలకు పంచింది. తేడా ఉంటే డిఫరెంట్, ఎడం ఉంటే సెపరేట్. సెపరేట్ రూమ్స్ రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండొచ్చు, ఆ మాటకు తేడాతో పనే లేదు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేటప్పుడు ఈ ఒక్కటి పట్టుకుంటే సగం తప్పులు ఆగిపోతాయని నా అనుభవం. చెట్టుకుండే వేరు కూడా ఇదే మాట కదా అంటారేమో, అది మళ్ళీ వేరే సంగతి.

మరి డిస్టింక్ట్ ఎక్కడ వస్తుంది?

తేడా ఉండటమే కాదు, ఆ తేడా తెలిసిపోవాలి. అప్పుడు డిస్టింక్ట్. ఇంద్రధనుస్సులో రంగులు సెపరేట్ కావు, ఎక్కడా గీత గీసినట్టు ఉండదు, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతాయి. అయినా ఎరుపూ ఊదా డిస్టింక్ట్. దీనికి తలకిందులుగా, అచ్చం ఒకేలా ఉండే కవలల్ని చూడండి. ఇద్దరూ సెపరేట్ మనుషులే, కొత్తగా చూసేవాళ్ళ కంటికి మాత్రం డిస్టింక్ట్ కారు.

డిస్టింక్టివ్ ఇంకో మాట. ఒకరికే సొంతమై, వారిని పట్టిచ్చే గుర్తుకు అది వాడతారు. 'డిస్టింక్టివ్ వాయిస్' అంటే ఫోన్‌లో హలో అనగానే ఎవరో తెలిసిపోయే గొంతు. 'డిస్టింక్ట్ వాయిస్' అంటే స్పష్టంగా వినిపించే గొంతు, లేదా మిగతావాటితో కలిసిపోకుండా విడిగా తెలిసే గొంతు.

డిస్క్రీట్‌కి రెండు స్పెల్లింగులు చూశాను. ఏది రైటు?

రెండూ రైటే, రెండూ వేర్వేరు మాటలు. పలకడం మాత్రం ఒక్కటే, అదే పెద్ద టెన్షన్. చివర్లో ఈ-టీ-ఈ అని రాస్తే 'విడివిడిగా ఉన్న' అని అర్థం. ఈ-ఈ-టీ అని రాస్తే 'గుట్టుగా వ్యవహరించే, నోరు జారని' అని అర్థం. గుర్తు పెట్టుకునే కిటుకు స్పెల్లింగులోనే ఉంది. మొదటిదాంట్లో రెండు ఈ-ల మధ్య టీ గోడలా నిలబడింది, కాబట్టి అవి విడివిడి. రెండోదాంట్లో రెండు ఈ-లూ ఒకదానికొకటి ఆనుకుని రహస్యం చెప్పుకుంటున్నాయి.

ఈ కిటుకు నాకు ఊరికే రాలేదు. పనిలో చేరిన కొత్తలో ఒక రిపోర్టులో 'ఈ సిస్టమ్‌లో నాలుగు డిస్క్రీట్ మాడ్యూళ్ళు ఉన్నాయి' అన్న వాక్యాన్ని డబుల్ ఈ-తో వదిలేశాను. స్పెల్ చెక్ కిమ్మనలేదు, అది కూడా అసలైన మాటే కదా. క్లయింటు మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాసి పంపాడు: 'ఎవరి నుంచి దాక్కుంటున్నాయి?' ఆ రోజు నుంచి ఈ మాట కనిపిస్తే చివరి మూడక్షరాలూ వేలు పెట్టి చదువుతాను.

అర్థం పట్టుబడాలంటే మెట్లు, ర్యాంపు ఊహించుకోండి. మెట్ల మీద మూడో మెట్టు మీదైనా ఉంటారు, నాలుగో మెట్టు మీదైనా ఉంటారు, మూడున్నర అనేది లేదు. అది డిస్క్రీట్. ర్యాంపు మీద ఏ ఎత్తులోనైనా ఆగొచ్చు. అది కంటిన్యూయస్. గణితంలో, స్టాటిస్టిక్స్‌లో, ఎలక్ట్రానిక్స్‌లో ఈ మాట తిరిగేదంతా ఈ అర్థంలోనే. మామూలు కబుర్లలో దీని అవసరం తక్కువ, సెపరేట్ చాలు.

తమాషా ఏమిటంటే రెండు స్పెల్లింగులూ 'విడదీసిన' అనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి వచ్చినవే. మంచినీ చెడునీ విడదీసి చూడగలిగినవాడే నోరు అదుపులో పెట్టుకోగలడు, గుట్టు అనే అర్థం అలా వచ్చింది. మన 'వివేకం' దారి కూడా ఇదే. సంస్కృతంలో దాని మూలార్థం వేరుచేసి చూడటం.

అటానమస్, ఇండిపెండెంట్, సావరిన్: దేశాల గురించి రాసేటప్పుడు ఏది?

ఇక్కడ మాట మారితే వార్తే తప్పైపోతుంది. గ్రీన్‌లాండ్‌ను తీసుకోండి. 1979లో హోమ్ రూల్ వచ్చింది, 2009లో స్వపరిపాలన ఇంకా విస్తరించింది. సొంత పార్లమెంటు ఉంది, సొంత ప్రభుత్వం ఉంది. అయినా అది డెన్మార్క్ రాజ్యంలో భాగమే, రక్షణ వ్యవహారాలు డెన్మార్క్ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి అది అటానమస్, ఇండిపెండెంట్ కాదు. ఫిన్లాండ్‌లోని ఆలాండ్ దీవులదీ అదే కోవ.

అటానమస్‌ని విరిస్తే గ్రీకులో 'ఆటోస్' అంటే తాను, 'నోమోస్' అంటే చట్టం. తన చట్టం తాను చేసుకునేది. ఎవరి గొడుగు కింద ఉందన్నది ఈ మాట పట్టించుకోదు. తెలుగులో 'స్వయంప్రతిపత్తి' దీనికి సరిగ్గా అతుకుతుంది. సావరిన్ అంటే సార్వభౌమ, తన పైన ఇంకో అధికారం లేనిది. దాని స్పెల్లింగులో జీ పలకదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటలోకి, పరిపాలన అనే అర్థమున్న 'రెయిన్'ను చూసి, ఆ జీ తర్వాత చొరబడింది.

అటానమస్‌కీ ఆటోమేటిక్‌కీ తేడా?

గీజర్‌లో నీళ్ళు కాగగానే స్విచ్ దానంతట అదే ఆగుతుంది. అది ఆటోమేటిక్. ఎదురుగా ఏముందో చూసి, ఆగాలా తిరగాలా అని తానే తేల్చుకునే బండి అటానమస్.

ఐసోలేటెడ్, డిటాచ్డ్, అలూఫ్: మూడూ 'దూరంగా' అనేగా?

దూరం ఒకటే, కారణాలు వేరు. ఐసోలేటెడ్ అంటే చుట్టూ దారులు తెగిపోయి ఒంటరిగా మిగిలిపోవడం. మూలం లాటిన్ 'ఇన్సులా', అంటే దీవి. కరెంటు తీగ మీద ఉండే ఇన్సులేషన్, క్లోమంలో దీవుల్లా కనిపించే కణాల గుంపుల్లో తయారయ్యే ఇన్సులిన్, బయటి గాలి సోకని మనస్తత్వానికి వాడే ఇన్సులర్, అన్నీ ఆ దీవి బంధువులే. మనిషి గురించి 'షి ఈజ్ ఐసోలేటెడ్' అంటే అందులో జాలి ఉంది. 'షి ఈజ్ ఇండిపెండెంట్' అంటే మెచ్చుకోలు ఉంది. ఒంటరిగా బతుకుతున్న ఒకే మనిషికి ఈ రెండు మాటల్లో ఏది వాడారన్నది, ఆ మనిషి గురించి కంటే రాసినవారి చూపు గురించే ఎక్కువ చెబుతుంది.

అలూఫ్ ఓడల వాళ్ళ మాట. గాలి ఒడ్డు వైపు నెడుతుంటే, ఓడ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి ఒడ్డుకు దూరంగా ఉంచడం. దగ్గరికి రాకుండా తానే జాగ్రత్తపడటం అన్నమాట. మన 'అంటీముట్టనట్టు' దీనికి అద్దినట్టు సరిపోతుంది.

డిటాచ్డ్ మాత్రం రెండు వైపులా తిరుగుతుంది. డాక్టర్ డిటాచ్డ్‌గా ఆలోచించాడంటే, కంగారు పడకుండా, కేసులో తన భావోద్వేగం కలపకుండా చూశాడని మెచ్చుకోలు. స్నేహితుడు కష్టం చెప్పుకుంటుంటే డిటాచ్డ్‌గా ఉన్నాడంటే తిట్టు. తెలుగులో మొదటిదానికి 'తామరాకు మీద నీటిబొట్టులా' అంటాం, రెండోదానికి 'పట్టనట్టు' అంటాం. అనువాదంలో ఏదో ఒక వైపు తూగక తప్పదు. ఇక కంటి రెటీనా డిటాచ్ అయిందంటే మెచ్చుకోలూ లేదు తిట్టూ లేదు, అది ఊడివచ్చిందని. వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

'ఇండిపెండెంట్ హౌస్' సరైన ఇంగ్లీషేనా?

మన మధ్య అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషే. బ్రిటన్‌లో మాత్రం పక్క గోడ ఎవరితోనూ పంచుకోని ఇంటిని 'డిటాచ్డ్ హౌస్' అంటారు, ఒక వైపు గోడ మాత్రమే కలిస్తే 'సెమీ డిటాచ్డ్'. అక్కడ 'ఇండిపెండెంట్ హౌస్' అంటే ఇల్లు ఎవరి నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుందా అని చూస్తారు.

స్టాండలోన్, సెల్ఫ్-కంటెయిన్డ్?

దగ్గరి చుట్టాలు. వేరే ప్రోగ్రాం లేకుండా, పెద్ద ప్యాకేజీలో భాగం కాకుండా ఒంటరిగా నడిచే సాఫ్ట్‌వేర్ స్టాండలోన్. కావలసినవన్నీ లోపలే ఉన్నది సెల్ఫ్-కంటెయిన్డ్. సొంత వంటగది, సొంత బాత్రూమ్ ఉన్న ఫ్లాట్‌ను అలాగే అంటారు. సముద్రం అడుగుకు దిగేవాళ్ళ 'స్కూబా'లో మొదటి అక్షరం ఈ 'సెల్ఫ్'దే, రెండోది 'కంటెయిన్డ్'ది. పైన ఓడ నుంచి గాలి గొట్టం రానక్కర్లేదు, గాలి వీపు మీదే ఉంది.

అగ్రిమెంట్‌లో 'జాయింట్ అండ్ సెవరల్' అని ఉంది. సెవరల్ అంటే 'చాలా' కదా?

ఇది తెలియక సంతకం పెట్టకండి. సెవరల్ పాత అర్థం 'విడివిడిగా'. సెపరేట్ పుట్టిన లాటిన్ మాట నుంచే ఇదీ వచ్చింది, 'చాలా' అనే అర్థం తర్వాత చేరింది. లా వాళ్ళు పాత అర్థాన్ని అలాగే భద్రంగా దాచుకున్నారు. ముగ్గురు కలిసి అప్పు తీసుకుని ఈ మాటల కింద సంతకం పెట్టారనుకోండి. బాధ్యత ముగ్గురికీ ఉమ్మడిగానూ ఉంటుంది, ఒక్కొక్కరికి విడిగానూ ఉంటుంది. అంటే అప్పిచ్చినవాడు మూడో వంతు కాదు, మొత్తం బాకీని మీ ఒక్కరినే అడగొచ్చు. మిగతా ఇద్దరి వాటా వాళ్ళ దగ్గర రాబట్టుకోవడం మీ తలనొప్పి. 'సెవరల్' ఒక్కటే ఉండి 'జాయింట్' లేకపోతే, ఎవరి వాటాకు వారే.

'ఐ యామ్ అపార్ట్ ఆఫ్ ది టీమ్' అని రాస్తే నవ్వారు. ఎందుకు?

మధ్యలో ఒక ఖాళీ వదలనందుకు. 'ఎ పార్ట్' అని రెండు ముక్కలుగా రాస్తే టీమ్‌లో భాగం. కలిపి 'అపార్ట్' అని రాస్తే టీమ్‌కి ఎడంగా. కలిపి రాస్తే విడిపోతారు, విడదీసి రాస్తే కలుస్తారు! చేరిన రోజు పంపే థాంక్స్ మెయిల్‌లోనే ఈ తప్పు ఎక్కువగా దొర్లడం నా కంటబడింది. 'అపార్ట్ ఫ్రమ్' ఇంకోటి: 'తప్ప' అనీ వస్తుంది, 'కాకుండా ఇంకా' అనీ వస్తుంది. అనుమానం వచ్చేచోట 'ఎక్సెప్ట్', 'బిసైడ్స్' అని తేల్చి రాయడం మేలు.

ఇండిపెండెంట్ తర్వాత ఆఫ్ వస్తుందా, ఫ్రమ్ వస్తుందా?

ఆఫ్. ఫ్రమ్ కూడా కనిపిస్తుంది, ముఖ్యంగా దేశాల విషయంలో, కానీ ఆఫ్ రాస్తే ఎవరూ దిద్దరు. నామవాచకం 'ఇండిపెండెన్స్'కి మాత్రం ఫ్రమ్. సెపరేట్, డిస్టింక్ట్, ఐసోలేటెడ్, డిటాచ్డ్ అన్నిటికీ ఫ్రమ్. 'డిపెండ్' ఒక్కటే ఆన్ అంటుంది, అది తెలుగువాళ్ళకు సులువే, మనమూ 'మీద' ఆధారపడతాం. లాటిన్‌లో ఆ మాటకు అర్థం 'వేలాడటం', మెడలో వేలాడే పెండెంట్, గడియారంలో ఊగే పెండ్యులం దాని అన్నదమ్ములు. ఇండిపెండెంట్ అంటే దేన్నీ పట్టుకుని వేలాడనిది.

సెపరేట్ స్పెల్లింగ్ ప్రతిసారీ తప్పుతోంది.

మీకే కాదు, ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళకూ తప్పుతుంది. మధ్యలో ఏ-ఆర్-ఏ-టీ ఉంది, అంటే 'ఎ ర్యాట్'. మాట కడుపులో ఎలుక ఉందని గుర్తుంచుకోండి. పలకడంలోనూ చిన్న మెలిక ఉంది. విడదీయడం అనే క్రియ అయితే 'సెపరేట్', విడి అనే విశేషణం అయితే 'సెప్రట్' అని పొట్టిగా.

'వెరీ సెపరేట్' అనొచ్చా?

చెవికి ఎబ్బెట్టు. గోడ ఉందా లేదా అంతే, 'చాలా గోడ ఉంది' అనం కదా. 'కంప్లీట్లీ సెపరేట్', 'ఎంటైర్లీ సెపరేట్' అనండి. మనిషి స్వభావం గురించి అయితే 'వెరీ ఇండిపెండెంట్' ఫర్వాలేదు. ఇంకా ఘాటుగా కావాలంటే 'ఫియర్స్‌లీ ఇండిపెండెంట్'.

సెపరేట్ మామూలు మాటే కదా, అమెరికన్ల ముందు జాగ్రత్తగా వాడమంటారెందుకు?

మాట మామూలుదే, దాని మీద పడిన చరిత్ర మామూలుది కాదు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మొదటి వాక్యంలోనే 'సెపరేట్ అండ్ ఈక్వల్ స్టేషన్' అనే మాటలున్నాయి. ప్రపంచ దేశాల సరసన విడిగా, సమానంగా నిలబడే హోదా అని. అక్కడ అది గర్వించే మాట. 120 ఏళ్ళు తిరిగేసరికి, 1896లో, నల్లవారికీ తెల్లవారికీ రైలు పెట్టెలు విడిగా ఉంచడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ సిద్ధాంతానికి స్థిరపడిన పేరు 'సెపరేట్ బట్ ఈక్వల్'. 'అండ్' పోయి 'బట్' వచ్చింది. స్కూళ్ళ విషయంలో ఆ సిద్ధాంతం చెల్లదని 1954లో అదే కోర్టు చెప్పేవరకు అది నడిచింది. అందుకని మనుషుల గుంపులకు 'సెపరేట్ ఫెసిలిటీస్' అని రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, 'డెడికేటెడ్' లాంటి మాట సరిపోతుందేమో చూడమంటాను. ఫైళ్ళకూ ఫోల్డర్లకూ నిరభ్యంతరంగా సెపరేట్ వాడుకోండి.

'విడిపోయారు', 'వేరుకుంపటి పెట్టారు': వీటికి?

భార్యాభర్తలు విడిగా ఉంటున్నా చట్టప్రకారం వివాహం మిగిలే ఉంటే 'సెపరేటెడ్'. అది కూడా తెగితే 'డివోర్స్‌డ్'. ఫారాల్లో ఈ రెండు గళ్ళూ వేరుగా ఉండేది అందుకే. మనసులు విరిగి మాటలు లేకపోతే 'ఎస్ట్రేంజ్డ్', ఇది అన్నదమ్ములకూ తండ్రీకొడుకులకూ కూడా వాడతారు. గొడవేమీ లేకుండా ఎవరి దారిన వాళ్ళు పోతే 'వెంట్ దెయిర్ సెపరేట్ వేస్'. వేరుకుంపటికి 'బ్రేకవే గ్రూప్' బాగుంటుంది. చీలినవాళ్ళు చిన్న ముక్క మాత్రమే అయితే 'స్ప్లింటర్ గ్రూప్', స్ప్లింటర్ అంటే కట్టె నుంచి లేచిన పేడు.

ఇండివిడ్యువల్ కూడా ఈ కుటుంబమేనా?

వాడుకలో అవును, పుట్టుకలో కాదు. లాటిన్‌లో దాని అర్థం 'ఇక విడదీయలేనిది'. గ్రీకులో 'కోయలేనిది' అనే అర్థంతో పుట్టిన ఆటమ్‌లాగే. గుంపును విడదీస్తూ పోతే చివరికి మిగిలే ఒక్కరు ఇండివిడ్యువల్. ఆ ఒక్కొక్కరినీ లెక్కపెట్టేటప్పుడు 'ఇండివిడ్యువల్లీ' అనండి. 'టీచర్ పిల్లలతో ఇండివిడ్యువల్లీ మాట్లాడారు' అంటే ఒక్కొక్కరితో. 'సెపరేట్లీ మాట్లాడారు' అంటే ఒక్కొక్కరితోనో, నలుగురేసి చొప్పున పిలిచో. ఎలా పిలిచారో ఆ మాట చెప్పదు.